పంచ్ పానీయం: పెదపల్లి రేవు నుండి అబిడ్స్ దాకా

1.0 పరిచయం

నగరంలోని బార్లలో ధరల పట్టిక మీద ‘రమ్ పంచ్’ అన్న మాట చూసినవారు దాన్ని ఏ వెస్టిండీస్ దీవుల నుండో వచ్చిన పానీయం అనుకుంటారు. రమ్ము విషయంలో ఆ ఊహ చాలావరకు సరైనదే. పంచ్ విషయంలో మాత్రం కాదు. ఆంగ్లంలో ఈ పానీయం పేరు కనిపించే తొలి ఉత్తరం తెలుగునేల మీది ఒక చిన్న రేవుకు చేరింది. అక్కడి నుండి అట్లాంటిక్ దాకా వెళ్లి, రమ్మును కలుపుకొని, అబిడ్స్ దుకాణాల్లోకి ‘విదేశీ’ సరుకుగా తిరిగి రావడానికి ఈ పానీయానికి రెండున్నర శతాబ్దాలు పైగా పట్టింది.

మద్యం గురించి పాఠం ఎందుకని కొందరు విద్యార్థులు అడుగుతారు. తాగమని చెప్పడానికి కాదు, తాగవద్దని చెప్పడానికీ కాదు. ఒక ప్రభుత్వ ఖజానా ఎక్కడి నుండి నిండింది, ఒక వస్తువు ఎవరి చేతిలో ఉంటే చట్టబద్ధం, ఎవరి చేతిలో ఉంటే నేరం అన్న ప్రశ్నలు చరిత్ర విద్యార్థికి ముఖ్యమైనవి. దీంతోపాటు ఒక పదం పుట్టుకను ఎలా పరిశీలించాలో కూడా ఈ పాఠంలో నేర్చుకుంటాం.

1.1 పెదపల్లికి వచ్చిన ఉత్తరం

నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నాన్ని పదిహేడో శతాబ్దపు ఆంగ్ల రికార్డులు ‘పెటపోలి’ అని రాశాయి. అది మన పెదపల్లి. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ ఈ తీరానికి వచ్చింది. అప్పటి నుండి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు పెదపల్లిలోనూ మచిలీపట్నంలోనూ స్థావరాలు పెట్టుకున్నారు. వారు వచ్చింది గుడ్డల కోసం. చిరివేరుతో ఎరుపు అద్దిన కలంకారీ బట్టలకు తూర్పు దీవుల్లో మంచి గిరాకీ ఉండేది. ఆ బట్టలిచ్చి అక్కడి సుగంధ ద్రవ్యాలు కొనేవారు. ఈ తీరమంతా అప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలో ఉండేది.

1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పెదపల్లిలో ఉన్న థామస్ కోలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. కార్ట్‌రైట్ వంటి మంచి తోడు నీకు దొరికినందుకు సంతోషమనీ, ఇద్దరూ కలిసి హాయిగా ఉంటూ, కొలతా లెక్కా లేకుండా పంచ్ తాగుతారని ఆశిస్తున్నాననీ దాని సారాంశం. ఆంగ్లంలో ఇంతవరకు తెలిసిన వాటిలో ఈ పానీయం పేరు కనిపించే తొలి ఆధారం ఇదే.

ఈ ఉత్తరాన్ని చరిత్రకారుడిలా చదవండి. పంచ్ అంటే ఏమిటో ఆడమ్స్ వివరించలేదు. వివరించలేదంటే చదివేవాడికి ముందే తెలుసునన్న మాట. అంటే 1632 నాటికే కంపెనీ మనుషుల్లో అది వాడుకలో ఉన్న పానీయం. తొలి ఆధారం దొరికిన తేదీ ఎప్పుడూ పుట్టిన తేదీ కాదు, పుట్టుక దానికి కొంత ముందే ఉంటుంది. ఈ తేడాను విద్యార్థులు బాగా గుర్తుంచుకోవాలి. పరీక్షల్లో చాలామంది ‘1632లో పంచ్ కనిపెట్టబడింది’ అని రాస్తారు. ఆధారం చెప్పేది అది కాదు.

మరో సంగతి. 1630-32 సంవత్సరాలు గుజరాత్, దక్కన్ ప్రాంతాలను ఘోరమైన కరువు పీడించిన కాలం. ఆ కరువు ఏళ్లలోనే రాసిన ఈ ఉత్తరంలో దాని ఛాయ లేదు. ఒక ఆధారం ఏం చెబుతున్నదో చూడడంతోపాటు ఏం చెప్పడం లేదో కూడా చూడాలి. ఆ మరుసటి సంవత్సరం, 1633లో, కార్ట్‌రైట్ నాయకత్వంలో ఒక చిన్న బృందం మచిలీపట్నం నుండి ఒరిస్సాకు వెళ్లింది. కోలీ కూడా అందులో ఉన్నాడు. తూర్పు భారతంలో ఇంగ్లీషు వర్తకానికి దారి తీసిన ప్రయాణం అది.

1.2 గిన్నెలో ఏముంది?

కంపెనీ మనుషులు తెచ్చుకున్న బీరు, ద్రాక్షసారా నెలల తరబడి ఓడ ప్రయాణంలో, ఈ వేడిలో పులిసిపోయేవి. పాడవకుండా చేరినవి ఖరీదైనవి. ఇక్కడ చవకగా దొరికేది సారా. ఇంగ్లీషువారు దాన్ని ‘అరాక్’ అన్నారు. అరబ్బీలో ‘అరక్’ అంటే చెమట. బట్టీ పెట్టినప్పుడు కుండ మూతకు పట్టి చుక్కలుగా జారే ఆవిరిని చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. తాటి, కొబ్బరి కల్లు నుండి, బియ్యం నుండి, బెల్లం నుండి దీన్ని తీసేవారు. ఆ ఘాటును విరవడానికి పులుపు, తీపి, నీళ్లు, వాసన ద్రవ్యం కలిపారు.

ఆనాటి యాత్రికులు రాసిన పాళ్లు మాత్రం ఒకదానితో ఒకటి సరిపోవు. 1638లో సూరత్‌లో ఉన్న జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో ‘పాలెపుంట్జ్’ అనే పానీయాన్ని పేర్కొన్నాడు. సారా, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర అతని లెక్కలో ఉన్నవి. మొత్తం నాలుగే. 1660ల్లో బెంగాల్‌లో తిరిగిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ దాన్నే ‘బూల్‌పోంజ్’ అన్నాడు. ఇవి రెండూ ‘పంచ్ గిన్నె’ అన్న ఆంగ్ల మాటను విదేశీయులు చెవికి తోచినట్లు రాసుకున్న రూపాలు. బెర్నియర్ పట్టికలో నల్లబెల్లం నుండి తీసిన సారా, నిమ్మరసం, నీళ్లు, పైన కాస్త జాజికాయ ఉన్నాయి. రుచికి బాగున్నా ఒంటికి చాలా చేటు చేస్తుందని ఆయన వైద్యుడిగా హెచ్చరించాడు కూడా.

బెర్నియర్ చెప్పిన మొదటి దినుసు దగ్గర కాస్త ఆగాలి. చెరకు రసాన్ని కాచగా వచ్చిన బెల్లాన్ని పులియబెట్టి బట్టీ పడితే వచ్చేది రమ్ముకు దగ్గరి చుట్టమే. రమ్మును సాధారణంగా చక్కెర తీయగా మిగిలిన మడ్డి, అంటే మొలాసిస్, నుండి తీస్తారు. రెండింటికీ మూలం చెరకే. ‘రమ్’ అనే మాట పదిహేడో శతాబ్దపు నడుమ బార్బడోస్ దీవిలో వాడుకలోకి వచ్చింది. ఆ మాట ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే బెంగాల్‌లో చెరకుసారాతో పంచ్ కలుపుతున్నారన్న మాట.

దినుసులను ఇంకో విధంగా కూడా చూడవచ్చు. జాజికాయ బాండా దీవులది. పన్నీరు పారశీకం నుండి ఓడల మీద వచ్చేది. పేరున్న సారా గోవాది, ఆ తరువాత బటేవియాది. నిమ్మకాయ ఊరి తోటది. ఒక్క గిన్నెలో హిందూ మహాసముద్ర వర్తకం అంతా ఉంది. రేవులో ఉన్నవాడికే ఇవన్నీ ఒకచోట అందుతాయి కనుక ఇది రేవుల పానీయమైంది.

సారా తీసేస్తే మిగిలేది మనకు కొత్తది కాదు. బెల్లం, నీళ్లు, మిరియాలు, ఏలకులు కలిపి శ్రీరామనవమి నాడు చేసే పానకంలో కొందరు నిమ్మరసం కూడా పిండుతారు. పారశీక సంప్రదాయంలోని షర్బత్తూ అలాంటిదే. ‘షర్బత్’, ‘షరాబ్’ రెండూ తాగడం అనే అర్థమున్న ఒకే అరబ్బీ ధాతువు నుండి వచ్చినవి. ఒకటి పండ్లరసం, ఇంకొకటి మద్యం. హైదరాబాదీ ఉర్దూలో రెండూ నేటికీ నిత్య వ్యవహారంలో ఉన్నాయి.

1.3 ‘పంచ’ నుండి పంచ్ వచ్చిందా?

అయిదు దినుసులు కనుక ‘పంచ’ అనీ, అదే ఆంగ్లంలో పంచ్ అయిందనీ అందరూ చెప్పే మాట. దీనికి పాత సాక్షి జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు. 1672 నుండి 1681 వరకు తూర్పు దేశాల్లో తిరిగి, మచిలీపట్నం తీరాన్నీ చూసినవాడు. 1698లో అచ్చయిన తన గ్రంథంలో, గోవా ప్రాంతపు సారా గురించి చెబుతూ, హిందూస్థానీలో ఈ మాటకు అయిదు అని అర్థమనీ, అయిదు దినుసుల వల్ల ఈ పేరు వచ్చిందనీ రాశాడు.

అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, దినుసులు అయిదని ఆధారాలన్నీ ఒప్పుకోవు. మాండెల్‌స్లో, బెర్నియర్ ఇద్దరూ నాలుగే చెప్పారు. ఫ్రయర్ కూడా నాలుగింటితో చేసే రకాన్ని ప్రస్తావించాడు. రెండోది ఉచ్చారణ. ఆనాటి ఆంగ్లంలో ఈ పదంలోని అచ్చు ‘ఉ’కు దగ్గరగా పలికేదని, అందువల్ల ‘పంచ’కు పొసగదని భాషావేత్తలు అంటారు. మూడోది, ‘పంచియన్’ అని పిలిచే పెద్ద పీపా పేరును నావికులు కుదించి ఉండవచ్చన్న వాదం.

నా అభిప్రాయంలో రెండో అభ్యంతరం అనిపించినంత బలమైనది కాదు. మన హ్రస్వ అకారాన్ని ఇంగ్లీషువారు ‘యు’ అక్షరంతో రాయడం అలవాటు. పండితుడు, పంజాబు అన్న మాటలను వారు అలాగే రాశారు. పైగా ఫ్రయర్ స్వయంగా రాసిన వర్ణక్రమం ‘పాంచ్’కు దగ్గరగా ఉంటుంది. పీపా వాదానికి ఆనాటి సాక్ష్యం ఏదీ లేదు, ధ్వనిసామ్యం ఒక్కటే ఆధారం. అలాగని పంచ వాదం రుజువైపోయిందని కూడా అనలేం. ఫ్రయర్ చెప్పింది ఆ పేరు పుట్టిన దశాబ్దాల తరువాత. ఆనాటికే అది జనం చెప్పుకునే కథ అయి ఉండవచ్చు. పంచామృతం, పంచలోహం, పంచాంగం, పీర్ల పండుగలో కనిపించే పంజా - అయిదు అనగానే మన చెవి వెంటనే ఒప్పుకుంటుంది. అలా తేలికగా ఒప్పుకొనే చోటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ‘ఎక్కువ సంభావ్యత ఉన్న వాదం’ అని జవాబులో రాస్తే సరిపోతుంది.

1.4 సముద్రం దాటాక

నావికులతోపాటు పంచ్ కూడా ప్రయాణించింది. 1671-72 నాటికే మద్రాసులో ‘పంచ్ హౌస్’ అనే తాగుడు ఇళ్లు ఎంత పెరిగాయంటే, జీతాల రోజున సైనికుల నుండి ఆ యజమానులు బాకీలు పట్టుకోకూడదని కంపెనీ ఉత్తర్వు వేయాల్సి వచ్చింది. లండన్‌లో పంచ్ గిన్నె పెద్దమనుషుల విందుల్లోకి ఎక్కింది. 1731లో ఏర్పడిన స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ ఓడలు బటేవియా సారాను మోసుకుపోయాయి. స్వీడన్‌లో ఇప్పటికీ ‘పున్ష్’ పేరుతో తీపి సారా ఉంది.

అట్లాంటిక్ దీవుల్లో చెరకు తోటలు, వాటిలో బానిసలుగా చాకిరీ చేసిన ఆఫ్రికన్లు, తోటల పక్కనే రమ్ము బట్టీలు ఉండేవి. అక్కడ సారా స్థానంలోకి రమ్ము వచ్చి ‘ప్లాంటర్స్ పంచ్’ తయారైంది. బార్బడోస్‌లో చెప్పుకునే పాళ్లు ఇవి: పులుపు ఒక పాలు, తీపి రెండు, మద్యం మూడు, నీళ్లు నాలుగు, పైన జాజికాయ పొడి. లెక్క వేయండి. మొత్తం పది పాళ్లలో మద్యం మూడు. రమ్ములో ఆల్కహాలు నూటికి నలభై అనుకుంటే గిన్నెలో నూటికి పన్నెండు, అంటే ఇంచుమించు ద్రాక్షసారాతో సమానం. ఇక్కడ దినుసులు సరిగ్గా అయిదు. ‘పంచ’ కథ తరువాతి కాలంలో గట్టిపడడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

1740 ఆగస్టులో అడ్మిరల్ వెర్నన్ తన నావికులకిచ్చే రమ్ములో పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపి, రోజుకు రెండు విడతలుగా ఇవ్వాలని ఆజ్ఞాపించాడు. కావలసినవారు నిమ్మరసం, చక్కెర కొని కలుపుకోవచ్చన్నాడు. అదే ‘గ్రాగ్’. పేరు వేరైనా పంచ్ సంతానమే. క్యూబాలో పందొమ్మిదో శతాబ్దం చివర పేరుపొందిన డైకిరీ కూడా రమ్ము, నిమ్మ, చక్కెర మూడింటి కలయికే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
అ. తొలి ఆధారం తేదీకీ, పుట్టిన తేదీకీ తేడా ఏమిటి? 1632 నాటి ఉత్తరం ఆధారంగా రాయండి.
ఆ. ‘పంచ’ వాదానికి ఉన్న అభ్యంతరాల్లో మీకు ఏది బలమైనదిగా తోచింది? ఎందుకు?

1.5 గోల్కొండ కల్లు, నిజాం ఆబ్కారీ

పంచ్ తీరంలో ఉంటే రాజధానిలో కల్లు ఉంది. పదిహేడో శతాబ్దపు నడుమ గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ భాగ్యనగరానికి రోజూ వందల గుర్రాల మీద తోలుసంచుల్లో కల్లు రావడం చూశాడు. దాని మీద సుల్తానుకు పెద్ద ఆదాయం ఉండేదని, నగరంలో తాగుడు ఇళ్లను, వేశ్యలను అంతగా అనుమతించడానికి ఆ ఆదాయమే కారణమని రాశాడు. విదేశీయుడి వ్యాఖ్యలో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ రాజ్యానికీ తాగుడుకూ ఉన్న సంబంధాన్ని ఆయన సరిగ్గా పట్టుకున్నాడు.

ఆసఫ్‌జాహీల కాలంలో ఈ ఆదాయానికి ‘ఆబ్కారీ’ అన్న పేరు స్థిరపడింది. పారశీకంలో ‘ఆబ్’ అంటే నీరు, ‘కార్’ అంటే పని. కల్లును ఇక్కడ సేంధీ అన్నారు. ఇప్పపూలతో తీసిన సారా ఇంకొకటి. తాటిచెట్టు, ఈతచెట్టు, ఇప్పచెట్టు మూడూ పల్లెలవి, అడవులవి. వాటి మీద పన్ను, కాంట్రాక్టు, చివరకు నగరంలో నారాయణగూడ వంటి ప్రభుత్వ బట్టీలు వచ్చాక, గీత కార్మికుడికి, ఇప్పపూలు ఏరుకునే గిరిజనుడికి తన చెట్టు మీద తన హక్కు పోయింది. కొమురం భీం కాలపు ఆదిలాబాద్ అడవుల్లోని అశాంతిని చదివేటప్పుడు అటవీ, రెవెన్యూ అధికారులతోపాటు ఆబ్కారీ వాళ్లను కూడా గుర్తుపెట్టుకోండి.

చెరకు విషయానికి వస్తే, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం మొదలైంది. చక్కెర ఉన్నచోట మొలాసిస్ ఉంటుంది, మొలాసిస్ ఉన్నచోట ఆల్కహాలు ఉంటుంది. తీరాన సామర్లకోటలోని చక్కెర కంపెనీ ఈ సంబంధాన్ని దాచుకోలేదు. దాని పేరే ‘దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ’.

1.6 అబిడ్స్, నాంపల్లి

కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీకీ నాంపల్లికీ నడుమ ఉన్న ప్రాంతం అబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ (1869-1911) దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ అబిడ్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్ల ఆ పేరు వచ్చింది. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, ఒక దుకాణదారుడి పేరు! విదేశీ సరుకు అమ్మే చోటుగా పేరుబడ్డ వీధికి అది తగిన పేరే. 1907లో నాంపల్లి రైల్వే స్టేషన్ వచ్చాక బయటి సరుకు దాదాపు గుమ్మం ముందుకే చేరింది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఈ రెండింటినీ కలిపే దారిలోనే ఉంది.

ఇదే నాంపల్లిలో ఆబ్కారీ శాఖ ప్రధాన కార్యాలయం, ఆబ్కారీ భవన్, ఉంది. స్టేషన్లో దిగి అబిడ్స్ వైపు నడిచేవారిలో చాలామంది దాన్ని గమనించరు. కానీ ఆధునిక తెలుగు రాజకీయాల్లో ఒక పెద్ద తగాదా ఆ శాఖ లెక్కల చుట్టూ తిరిగింది.

మద్రాసు రాష్ట్రం నుండి విడిపోయిన ఆంధ్ర రాష్ట్రానికి మద్యనిషేధం వారసత్వంగా వచ్చింది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం కూలిపోయింది ఆ నిషేధం మీద వచ్చిన అవిశ్వాసంతోనే. హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం లేదు. 1955 నాటి రాష్ట్రాల పునర్విభజన సంఘం తెలంగాణ తలసరి ఆదాయం ఆంధ్ర కంటే ఎక్కువగా ఉండడానికి కారణాలు చెబుతూ, భూమిశిస్తు హెచ్చుగా ఉండడంతోపాటు ఆబ్కారీ ద్వారా ఏటా సుమారు 5 కోట్ల రూపాయలు రావడాన్ని పేర్కొంది. ఇక్కడ తలసరి ఆదాయమంటే ప్రభుత్వ రాబడి అని గమనించండి, ప్రజల సంపాదన కాదు. 1956 నవంబరు 1న రెండూ కలిశాక కూడా ఒకే రాష్ట్రంలో ఒక భాగం పొడి, ఇంకొక భాగం తడి. 1969లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తివేసేదాకా ఇదే పరిస్థితి. తెలంగాణ మిగులు నిధులు ఎక్కడ ఖర్చవుతున్నాయన్నది అదే ఏడాది ఉద్యమంలో ప్రధాన ప్రశ్న. ఆ మిగులులో గీత కార్మికుడి చెమట, తాగేవాడి ఇల్లాలి కన్నీరు కూడా ఉన్నాయని అప్పటి గణాంకాల్లో ఎక్కడా కనిపించదు.

1.7 సారా, రమ్ము, గుడుంబా

మన చట్టాల భాషలో రమ్మును ‘భారత్‌లో తయారైన విదేశీ మద్యం’ అంటారు. చెరకు మనది, మొలాసిస్ మనది, బట్టీ మనది, అయినా మద్యం విదేశీ! నాటుసారా, అంటే బెర్నియర్ చూసిన ‘నల్లబెల్లపు సారా’ వంటిది, దేశీ మద్యం. ఈ విభజన రుచిని బట్టి కంటే తాగేవాడి స్థోమతను బట్టి నడిచింది.

1980ల్లో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లను పల్లెలకు చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరదీపం రాత్రిబడుల చర్చల్లో మొదలైన ఆలోచన అది. ఆ కథ వయోజన విద్య వాచకంలో పాఠంగా రావడంతో ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. అప్పటికి అబిడ్స్ దుకాణాల్లో రమ్ముకు ఏ అడ్డూ లేదు. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చాక అదీ ఆగింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించినప్పుడు తిరిగి వచ్చింది రమ్ము, బ్రాందీ, విస్కీ. సారా దుకాణం తిరిగి రాలేదు.

సారా పోయిన చోట గుడుంబా మిగిలింది. నల్లబెల్లం, పటిక, కొన్నిసార్లు నవసాగరం. పులియబెట్టే పాత్ర మీద, కలిపే మందు మీద ఎవరి అదుపూ లేనందువల్ల అది ప్రాణాల మీదకు తెస్తుంది. నాంపల్లికి దూరం లేని ధూల్‌పేట ఈ బట్టీలకు చాలాకాలం పేరుమోసింది. ఆబ్కారీ అధికారులు దాడులు చేసి కుండలు పగలగొట్టేవారు. తెలంగాణ ఏర్పడ్డాక ఆ పని మానేసిన కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపే పథకాలు వచ్చాయి, నల్లబెల్లం అమ్మకాల మీద నిఘా పెరిగింది. దానితో పండక్కి బెల్లం తెచ్చే చిన్న కిరాణా కొట్టువాడు కూడా ఎవరికి, ఎంత, ఎందుకు అమ్ముతున్నాడో జవాబు చెప్పుకోవలసి వచ్చింది.